చోటు లేని ఫోను

రుక్మిణమ్మ చేతిలోంచి ఫోను అందుకోగానే గఫార్ ముఖం చిట్లించాడు. ఫోను వెచ్చగా ఉంది.

"రేత్రంతా ఆన్‌లోనే పెట్టినావు గదమ్మా."

"టైము చూసుకునేకి పెట్టుకుంటిన్నా."

"ఈ పల్లంలో దీనికి టవరు దొరకదు. దొరికేదాకా ఎతుకుతానే ఉంటాది. ఎతికెతికి బ్యాటరీ అంతా తాగేస్తాది. ఎన్ని తూర్లు చెప్పల్ల నీకు?"

"సరేలేన్నా, తిట్టద్దు. మాయనకు ఒక మాట కొట్టు. బర్రె ఈనింది, పెయ్యదూడ పుట్టింది, మీయమ్మకు జరం తగ్గింది, మాత్రలు ఇంకా వేస్తాండాము, బోరు మోటరు మల్లా కాలిపోయింది, ఆడ ఆ మేస్త్రీతో చేరి తాగద్దు, ఉగాదికి వస్తానని చెప్పి రాకపోతివి..."

"పెయ్య పుట్టింది. అమ్మకు నయం. మోటరు కాలింది. తాగద్దు" అన్నాడు గఫార్.

"అంతేనా?"

"అంతే. మిగిలింది ఆయప్ప వచ్చినాక ఎదురుగా నిలబెట్టి తిట్టు. అది ఫోనులో పట్టదు."

తెర ఆరిపోయేదాకా మీట నొక్కిపట్టి, ఫోనును భుజానికున్న సంచిలో వేసుకున్నాడు. సంచి లోపల అరలు అరలుగా కుట్టి ఉంది. ఏ అర ఏ ఇంటిదో అతనికి చూడకుండానే తెలుసు.

కనుమకిందపల్లి మూడు వైపులా గుట్టలున్న గుంత. చిలమత్తూరు నుంచి చీలిన రోడ్డు ఆ ఊరితో ఆగిపోతుంది. సెల్‌ఫోను సిగ్నలు గుట్టల నెత్తి మీదుగా పోతుంది గాని ఊళ్ళోకి దిగదు. ఊళ్ళో సగం మంది బెంగళూరులో ఉన్నారు. మట్టి మోస్తారు, సెంట్రింగు కడతారు, గార్మెంట్సులో దారాలు కత్తిరిస్తారు. పోయినవాళ్ళు ఉన్నవాళ్ళకు ఫోన్లు కొనిచ్చి పోయారు. పనికిరాని చోట పనికిరాని వస్తువును ప్రేమగా కొనిచ్చి పోవడం మనుషులకు అలవాటే.

ఆ ఫోన్లను గఫార్ పనికొచ్చేట్టు చేశాడు. రోజూ పొద్దున ఇల్లిల్లూ తిరిగి పోగు చేసుకుంటాడు. దొంతిబండ ఎక్కుతాడు. గుండు మీద గుండు పేర్చినట్టుండే ఆ గుట్ట మీద వాటిని ఆన్ చేస్తాడు. అంతవరకూ ఎక్కడో ఆగి ఉన్న మెసేజీలు దిగుతాయి. ఊరివాళ్ళు చెప్పి పంపిన మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి పంపుతాడు. మళ్ళీ అన్నీ ఆపి, మధ్యాహ్నం హిందూపురం బస్సు వచ్చేలోపల కిందికి దిగుతాడు. బస్‌స్టాపులో మారెమ్మ టీ కొట్టు ముందు కూర్చుని ఎవరి ఫోను వాళ్ళకిస్తాడు. చదవలేనివాళ్ళకు చదివి చెప్తాడు. దానికి ఇంటింటివాళ్ళూ రాగులో, శెనక్కాయలో కొలిచి పోస్తారు. వానొచ్చినా, జ్వరమొచ్చినా బస్సు వేళకు గఫార్ స్టాపులో ఉంటాడు. ఇది తెలియనివాళ్ళు ఆ ఊళ్ళో లేరు. ఆ ఊరు విడిచి పోయినవాళ్ళలోనూ లేరు.

ఈ రోజు శుక్రవారం. మంగళవారం నుంచి అతని సొంత ఫోనులో ఒక కవరు బొమ్మ మినుకుమినుకుమంటోంది.

ఆ బొమ్మ కదలకుండా ఉంటే మెసేజ్ వచ్చిందని అర్థం. మినుకుతూ ఉంటే, వచ్చింది గాని లోపల చోటు లేదని అర్థం. పాతది ఒకటి చెరిపితేనే కొత్తది దిగుతుంది. అంతవరకూ ఎవరు పంపారో కూడా చెప్పదు. చిలమత్తూరులో రీచార్జి అంగడి పెట్టుకున్న మసూద్‌ను గఫార్ ఒకసారి అడిగాడు, చోటివ్వకపోతే ఆ మాట ఏమైపోతుందని. కంపెనీవాడు కొన్నాళ్ళు దాచి ఉంచి తర్వాత పారేస్తాడని మసూద్ చెప్పాడు.

గఫార్‌కు మెసేజ్ పంపేవాళ్ళు లేరు. ఊళ్ళో టవరు వేస్తామని కంపెనీవాళ్ళు కొలతలు తీసుకుపోయాక, పోయిన వారం అతనే కూతురు ఫరీన్‌కు ఒకటి పంపాడు. ఫరీన్ పెళ్ళి చేసుకుని హిందూపురంలో ఉంటోంది. తండ్రీ కూతుళ్ళ మధ్య మాటలు పోయి రెండేళ్ళు దాటింది. "ఊరికి టవరు వస్తాది. నాకింక పనుండదు" అని పంపాడు. వస్తానని రాయలేదు. రావచ్చునా అని అడగలేదు. రుక్మిణమ్మ మాటను కత్తిరించినట్టే తన మాటనూ కత్తిరించుకున్నాడు. ఏది ముఖ్యమో అది కత్తిరింపులో పోయింది.

మినుకుతున్నది ఆమె జవాబే కావచ్చు. కాకపోనూ వచ్చు. తెలుసుకోవాలంటే తన ఫోనులో ఒక మెసేజ్ చెరపాలి. అందులో ఉన్నవన్నీ చనిపోయిన భార్య షంషాద్‌బీ పంపినవి.

*

దొంతిబండ మీదికి దారి అంటూ లేదు. గొర్రెలు నడిచిన జాడ ఉంది. గఫార్ ఒక చేత్తో సంచిని కడుపుకు అదుముకుని, రెండో చేత్తో తుమ్మకొమ్మలు పట్టుకుంటూ ఎక్కాడు. సన్నటి మనిషి. మోకాళ్ళు లావు. మడమలు బీటలు వారి, ఆ బీటల్లో ఎర్రమట్టి శాశ్వతంగా ఉండిపోయింది. గడ్డం తెల్లబడి, మీసాలు మాత్రం ఇంకా నల్లగా ఉండటంతో, దూరం నుంచి చూస్తే ముఖం ఎవరిదో తెచ్చి అతికించినట్టుంటుంది.

పుట్టింది పెనుకొండలో. నాయన దూదేకేవాడు. ఇల్లిల్లూ తిరిగి పరుపులు విప్పి, గట్టిపడిన దూదిని వింటితో కొట్టి పొంగించేవాడు. గఫార్‌కు దూది పడలేదు; దగ్గు. ఐదో తరగతితో బడి అయిపోయింది. ధర్మవరంలో తిప్పన్న అనే అతని ఎస్టీడీ బూతులో పనికి కుదిరాడు. బూతు గోడ మీద ఊళ్ళ పేర్లు, కోడ్ నంబర్లు ఇంగ్లీషులో రాసిన పెద్ద బోర్డు ఉండేది. ఆ బోర్డు చూసే ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నాడు. వేరే ఏ పుస్తకమూ అతను ఇంగ్లీషులో చదవలేదు.

అప్పట్లో మగ్గాల వీధుల్లో ఫోన్లు లేవు. చీరలు కొనే షావుకారు ఏ సూరత్ నుంచో, మద్రాసు నుంచో బూతుకు ఫోన్ చేసి ఫలానా నేతగాణ్ణి పిలవమనేవాడు. గఫార్ పరిగెత్తేవాడు. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనిషిని లేపి, వెంటబెట్టుకుని పరిగెత్తించి తెచ్చేవాడు. ఆలోపల అవతలి మనిషి పెట్టేసేవాడు. రెండు కొసల్లోనూ మనుషులు ఒకేసారి ఉంటేనే మాట నడిచేది. ఒక కొస ఖాళీ అయితే మాట లేదు. రొప్పుతూ వచ్చిన నేతగాడు రిసీవరు పట్టుకుని, "ఎవురూ పలకరే" అని గఫార్ వైపు అనుమానంగా చూసేవాడు.

ఇప్పుడు మాట ఆగుతుంది. ఫోను చచ్చి సంచిలో పడి ఉన్నా, రాత్రంతా, మరుసటి రోజంతా ఆగుతుంది. ఫోను కళ్ళు తెరవగానే వచ్చి నిలబడుతుంది. ఎక్కిన ప్రతిసారీ గఫార్‌కు అది వింతే.

"అదిసరే, ఇంతసేపూ యాడుంటాది ఆ మాట?" అని రీచార్జి అంగడిలో ఒకసారి మసూద్‌ను అడిగాడు.

"కంపెనీలో ఉంటాదిలేన్నా."

"కంపెనీలో యాడ?"

"యాడో ఒకచోట. బెంగళూరులోనో, హైదరాబాదులోనో."

"ఆడ దేంట్లో పెడతారు? బీరువాలోనా? మనది మనకే ఇయ్యల్లని ఎట్ల గుర్తు పడతారు?"

మసూద్ నవ్వి పక్కవాడికి రీచార్జి చేశాడు. అడిగేవాడికి తెలియక, చెప్పేవాడికి తెలియక, ఆ ప్రశ్న అక్కడే ఉండిపోయింది. కడకు గఫార్ తనంతట తానే ఒక జవాబు చెప్పుకున్నాడు. మాటలు దొంతిబండ చుట్టూనే ఎక్కడో గాలిలో ఆగి ఉంటాయని. అది తప్పు. కాని రోజూ గుట్ట ఎక్కేవాడికి అంతకంటే మంచి జవాబు దొరకదు.

*

గుట్ట నెత్తిన యల్లప్ప గొర్రెలను వదిలి గుండు నీడలో పడుకుని ఉన్నాడు. గఫార్ ఈడువాడే. ఎవరి మీదా గౌరవం లేని మనిషి.

"ఏం సాయిబూ, ఈపొద్దు మాటలు బాగ కాసినాయా?"

"నీకు ఒకటీ రాలేదులే."

"నాకెవురు పంపిస్తారప్పా? నా గొర్రెలకు ఫోన్లు ల్యాక పాయ."

నీడ గుండుకు దక్షిణం వైపున ఉంది. గఫార్ అటు పోలేదు. అటు కూర్చుంటే ఫోను కర్ణాటక టవరు పట్టుకుంటుంది. మన ఊరు వదిలి పరాయి ఊరికి పోయినట్టు లెక్క, వచ్చిన ఫోనుకు కూడా డబ్బులు కోసుకుంటారు. ఉత్తరం వైపు ఎండలో, కాలే బండ మీద తువ్వాలు మడిచి వేసుకుని కూర్చున్నాడు. ఒక్కొక్క ఫోనూ తీసి ఆన్ చేశాడు. అన్నీ ఒకేసారి ఆన్ చేస్తే మాటలు ఒకదానికొకటి అడ్డం పడతాయని అతని నమ్మకం. అదీ తప్పే.

సిగ్నలు గీతలు ఒకటొకటిగా లేచేదాకా చూసి, ఇంకా కొంచెంసేపు ఆగి, అప్పుడు పని మొదలుపెట్టాడు. రుక్మిణమ్మ మొగుడు "తాగడం ల్యా" అని పంపాడు. ఆమె పెట్టబోయే తిట్టుకు నిన్నే జవాబిచ్చి ఉంచాడు. ఆమె మాటను గఫార్ కొట్టి పంపాడు. వెంకటమ్మ ఫోను నిండిపోయి ఉంది. ఆమె కొడుకు పంపిన పాత మాటలను వరసగా చెరిపేశాడు. చెరిపేముందు తనతో చెప్పమని ఆమె ఎప్పుడో బతిమాలింది. "చదివింది అయిపాయ గదా, ఇంకేంటికి దాచేది, ఉప్పేసుకుంటావా?" అని గఫార్ కసిరాడు. అప్పటినుంచి ఆమె అడగలేదు.

అన్నీ అయ్యాక తన ఫోను తీశాడు. కవరు మినుకుతోంది.

యల్లప్ప లేచి వచ్చి, మోచేతి మీద వాలి, తెర వైపు చూశాడు. "ఇంకా చెరపలేదా? నాలుగు దినాలాయ గదప్పా."

"చెరపల్ల."

"ఊరందరివీ బరబరా చెరిపేస్తివి. ఒకటి చెరిపితే ఏం పోతాది? సచ్చిపోయినామె మల్లా సచ్చిపోతాదా?"

"నోరు మూసుకోరా."

"కాయితం మీద రాసిపెట్టుకో."

"నాకు నోటికే వచ్చు అన్నీ."

"నోటికే వస్తే ఇంకేం?"

యల్లప్ప చేతులు దులుపుకుని, పొలాల వైపు దిగుతున్న గొర్రెను బూతులు తిడుతూ దాని వెంట పోయాడు.

గఫార్ మొదటి మెసేజ్ తెరిచాడు.

"చేరినాం." బెంగళూరు పోయిన రోజు పంపింది. బూతు మూతపడ్డాక అతను భార్య పుట్టిల్లైన ఈ ఊరికి వచ్చి, ఏ పనీ పట్టుకోక, చెట్టు కింద కూర్చున్న కాలం. ఫరీన్‌కు గార్మెంట్సులో పని దొరికింది. తల్లిని కూడా రమ్మంది. గఫార్ వద్దన్నాడు. షంషాద్‌బీ వినలేదు. ఇద్దరూ మధ్యాహ్నం బస్సు ఎక్కి పోయారు. ఆ రోజు ఆమె మాట దిగిందో లేదో చూడటానికే అతను మొదటిసారి దొంతిబండ ఎక్కాడు. ఊరివాళ్ళు, మా ఫోను కూడా తీసుకుపో అన్నది ఆ తర్వాత. ఇది చెరపడానికి లేదు.

"ఈడ నీళ్ళు ఉప్పు."

"మిషను నేర్చుకున్యా."

"కాలర్లు కుట్టేకి పెట్టినారు. కష్టం." పెళ్ళయిన ఇన్నేళ్ళలో కష్టమని ఆమె నోటితో అనగా అతను వినలేదు. నోటితో అనలేనిది వేళ్ళతో కొట్టింది. దీన్నీ దాటాడు.

"నీ మోకాలికి ఆముదం రాయి."

"ఫరీన్‌ను తిట్టద్దు. తెచ్చింది అది కాదు. వచ్చింది నేను."

ఇది అతనికి ఇష్టం లేని మెసేజ్. చెరపాలంటే మొదట దీన్నే చెరపాలి. వేలు మీట మీదికి పోయింది కూడా. కాని ఇష్టం లేనిది చెరపడం మొదలుపెడితే, మిగిలిన భార్య వేరే మనిషి అయిపోతుంది. అంతమాత్రం అతనికి తోచింది. వేలు తీశాడు.

ఆమె పోయింది కామెర్లతో. అతనికి కబురు అందేసరికి, బస్సు పట్టుకుని చేరేసరికి, అక్కడే మట్టి చేశారు. సమాధి దగ్గర ఏడుస్తున్న ఫరీన్‌ను చూసి, పదిమంది వింటుండగా, "నా గడప తొక్కద్దు" అన్నాడు. ఫరీన్ ఏడుపు ఆపి తండ్రి వైపు చూసింది. "తొక్కను" అంది. ఆ తర్వాత ఆమె పెళ్ళికి కబురు వచ్చింది, పోలేదు.

ఒక మెసేజ్‌లో ఏమీ లేదు. ఖాళీ తెర. ఆమె నంబరు, ఆ రోజు తేదీ, అంతే. ఆస్పత్రిలో నుంచి పంపింది. ఏదో కొట్టబోయి అలాగే పంపిందో, చెయ్యి జారి పంపిందో. ఎవరైనా దీన్ని చెరపమనే అంటారు. చెరిపితే ఒక్క అక్షరమూ పోదు. గఫార్ దాన్ని అన్ని మెసేజీల కంటే ఎక్కువసార్లు తెరిచి చూశాడు. ఆ ఖాళీలో ఏముండాల్సిందో ఇంకా ఎతుకుతూనే ఉన్నాడు.

"తిన్నావా" అన్నవి మూడు ఉన్నాయి. మూడూ ఒకటే. అక్షరం తేడా లేదు. మూడుంటే ఒకటి పోయినా రెండుంటాయి. గఫార్‌కు మొదటిసారి దారి దొరికినట్టయింది. కాని మూడింటిలో ఏది? మొదటిదానికి "తిన్యా" అని నిజమే పంపాడు. రెండోదానికి "తిన్యా" అని అబద్ధం పంపాడు. మూడోది వచ్చిన రోజు ఫరీన్ మీద కోపంతో ఏమీ పంపలేదు.

ఎండ నెత్తికెక్కింది. చెమట ముక్కు మీదుగా తెర మీద పడింది. తువ్వాలు కొసతో తుడిచాడు. ఈపాటికి దిగడం మొదలుపెట్టాల్సింది. కింద జనం చూస్తుంటారని తెలుసు. చూడనీ అనుకున్నాడు. జవాబు ఇచ్చిన మాటకు పని అయిపోయింది. జవాబు ఇవ్వని మాట ఇంకా అడుగుతూనే ఉంది. కాబట్టి పోవాల్సింది మొదటిది.

మొదటి "తిన్నావా" తెరిచాడు. చెరపాలా అని ఫోను అడిగింది. బూతులో పనిచేసిన నాటి నుంచి అతని వేళ్ళు మీటలకు అలవాటు పడ్డవి. ఏ మీట ఎక్కడుందో చూడక్కర్లేదు. ఈసారి చూసి నొక్కాడు.

కవరు మినుకుమనడం ఆగింది. ఫోను ఒకసారి అదిరి గుర్రుమంది. గఫార్ తెరిచాడు.

మీ మిత్రులకు నచ్చిన పాట వినిపించండి, ఈ నంబరుకు పంపండి అని కంపెనీవాడు.

దీని కోసమా అనుకున్నాడు. దాన్ని చెరిపాడు. మళ్ళీ గుర్రుమంది. క్రికెట్ స్కోర్లు కావాలంటే ఇంకో నంబరట. అదీ చెరిపాడు. ఇక రాదనుకున్నాడు. ఫోను అరచేతిలో మౌనంగా ఉంది. ఆపి, మళ్ళీ ఆన్ చేశాడు. గీతలు లేచాయి. మూడోసారి గుర్రుమంది.

ఫరీన్ నంబరు.

"శుక్రవారం మద్యానం బస్సుకు వస్తా. నీ గడప తొక్కను. స్టాపు కాడ ఉండు. నీకు చూపించల్ల. అదే బస్సుకు పోతా."

గఫార్ లేచి నిలబడ్డాడు. ఒళ్ళో ఉన్న ఫోన్లు బండ మీద పడ్డాయి. కింద ఊరు, రోడ్డు, టీ కొట్టు మీది రేకు ఎండకు మెరుస్తున్నాయి. బస్సు స్టాపులో లేదు. రోడ్డు వెంట చూపు పోనిచ్చాడు. మలుపు దగ్గర ఎర్రటి దుమ్ము. దుమ్ములో బస్సు వెనక భాగం. అది చిలమత్తూరు వైపు పోతోంది.

ఆమె నంబరుకు ఫోన్ చేశాడు. ఎవరో ఆడమనిషి మెత్తటి గొంతుతో, మీరు కోరుకున్నవారు అందుబాటులో లేరని చెప్పింది. బస్సు ఇంకా గుంతలోనే ఉంది. గుట్టల మధ్యనుంచి బయటపడేదాకా ఫరీన్ ఫోను టవరు కోసం ఎతుకుతూ ఉంటుంది. ఇతను టవరు అందేచోట ఉన్నాడు, ఆమె లేదు. నిన్నటిదాకా ఆమె ఉండింది, ఇతను లేడు.

"బండ మీద ఉంటి. ఇప్పుడే చూస్తి" అని కొట్టి పంపాడు. పంపినట్టు ఫోను చెప్పింది. ఎక్కడికి పోయిందో చెప్పలేదు. గఫార్ గుట్ట మీద నిలబడి గాలిలోకి చూశాడు. చుట్టూ ఏమీ లేదు.

*

ఫోన్లు ఏరుకుని, ఏ అరలోది ఆ అరలో వేసుకోకుండానే దిగాడు. మోచెయ్యి ఒకచోట గీరుకుపోయింది. స్టాపులో జనం ఎండకు చిరాకుపడుతూ కూర్చున్నారు.

"ఏమన్నా, ఈపొద్దు ఆడే కాపురం పెట్టినావా?" అంది రుక్మిణమ్మ. "మాయన ఏమన్నె?"

"తాగడం ల్యా అన్నె."

"అబద్ధం" అని ఫోను లాక్కుని పోయింది.

సంచి తడిమి తడిమి, పొరపాటు ఫోన్లు ఇచ్చి, మళ్ళీ మార్చి ఇచ్చాడు. అలా ఎప్పుడూ జరగలేదు. అందరూ పోయాక మారెమ్మ టీ గ్లాసు తెచ్చి అతని పక్కన పెట్టింది. ఊళ్ళో జరిగేదంతా స్టాపులో నిలబడి చూసే మనిషి ఆమె.

"మీ పాప వచ్చి పాయ" అంది.

"తెలుసు. ఎంతసేపుండె?"

"బస్సు ఉన్నంతసేపు. కండక్టరు టీ తాగె, బీడీ తాగె, ఇంకో బీడీ ముట్టించె. ఆ పాపే ఆగమని బతిమాలినట్టుండాది. ఇంటికాడికి పోయి నీడన కూచోమ్మా అంటి. ఆ గడప నాది కాదత్తా అనె. ఫోను చెవిన పెట్టుకోని అటూ ఇటూ తిరిగె. ఈడ యాడుండాది సిగ్నలు? నీ మాదిరే మొండిది."

"కేక పెట్టల్సింది మారెమ్మా."

"పెడితి. గాలి మనవైపు ల్యా. ఎప్పుడూ దిగేటోడివి ఈపొద్దే ఏం పుట్టింది నీకు?"

గఫార్ టీ ముట్టుకోలేదు. "చూపించల్ల అని రాసింది. ఏం తెచ్చింది?"

మారెమ్మ అతని ముఖంలోకి చూసింది. ఎగతాళి ఆడుతున్నాడేమో అనుకుంది. కాదని తెలిసి గొంతు తగ్గించింది.

"నీకు తెలీనే తెలీదా? బిడ్డను తెచ్చె గదప్పా. మొగబిడ్డ. ఇప్పుడిప్పుడే నడక వచ్చినట్టుంది. ఈ బండలన్నీ తిరిగె. వద్దంటే ఇంకా తిరిగె. నీ ముక్కే. కడాకు వాళ్ళమ్మ భుజం మీదే నిద్రపాయ. ఎక్కేటప్పుడు కాలిది జారిపడె. నేను చూసేతలికి బస్సు కదిలె. అరిస్తి. ఆయప్ప ఆపలే."

కొట్టులోకి పోయి, చక్కెర డబ్బా పక్కనుంచి తెచ్చి, అతని ముందు బండ మీద పెట్టింది. ఆ తర్వాత పాత్రలు కడుక్కోవడానికి పోయింది.

చిన్న చెప్పు. ఎడమ కాలిది. ఎర్రటి ప్లాస్టిక్‌ది, పైన పసుప్పచ్చ బాతు బొమ్మ. బాతుకు ఒక కన్ను ఊడిపోయింది. గఫార్ అరచేతిలో సగం కూడా రాలేదు. లోపల వేళ్ళు ఆనే చోట అప్పుడే నల్లగా మరక పడుతోంది. పక్కకు తిప్పి చూశాడు. వెనక్కి తిప్పి చూశాడు. మడమ కింద ఒక చిన్న బెజ్జం ఉంది. ఎందుకో తెలియక, బొటనవేలితో అక్కడ నొక్కాడు. చెప్పు కీక్ మంది. వేలు తీయగానే, గాలి లోపలికి తిరిగి పోతూ, అది ఇంకొక చిన్న చప్పుడు చేసింది.